గుమ్మం ముందు మూడు మెట్లు

“కొట్టు నాది, స్థలం నాది, బ్యాంకు అప్పు నా పేరు మీద ఉంది. వాన నీళ్ళు లోపలికి రాకుండా అరుగు లేపి మూడు మెట్లు కట్టించుకున్నాను. నడవలేని మనిషిని రావద్దని నేను అనలేదు, వచ్చినవాణ్ణి తోసెయ్యలేదు. మరి నేను చేసిన అన్యాయం ఏమిటి?” దుకాణాలు, హోటళ్ళు, ఆసుపత్రులు వికలాంగులకు కూడా అందుబాటులో ఉండాలి అన్న మాట వచ్చినప్పుడల్లా వ్యాపారం చేసుకునేవారు అడిగే ప్రశ్న ఇది. అడిగేవారు రాతిగుండె వాళ్ళేమీ కారు. వారిలో చాలామంది ఆదివారం పూజ తప్పనివారు, విచారణ పండుగకు చందా ఇచ్చేవారు, గుడి వాకిట్లో కూర్చున్నవారి చేతిలో పదో పరకో పెట్టకుండా పోనివారు. కనుక ఈ ప్రశ్నకు కోపంతో కాక న్యాయంగా జవాబు చెప్పవలసి ఉంది.

తప్పును మనం మామూలుగా ఉద్దేశాన్ని బట్టి కొలుస్తాం. మూడు మెట్లు కట్టినవాడి మనసులో ఎవరి మీదా ద్వేషం లేదు. మేస్త్రి ఎలా కడతానంటే అలా కట్టమన్నాడు. పక్క కొట్టువాడూ అలాగే కట్టాడు. ద్వేషం లేనిచోట పాపం ఎక్కడిది అని అనుకోవడం సహజమే. అయితే పవిత్ర గ్రంథంలో ఇల్లు కట్టుకోవడం గురించి ఒక చిన్న ఆజ్ఞ ఉంది. ద్వితీయోపదేశకాండము 22వ అధ్యాయం, 8వ వచనం. ప్రసంగాలలో అది వినపడడం అరుదు. కొత్త ఇల్లు కట్టుకునేవాడు డాబా చుట్టూ పిట్టగోడ కట్టాలనీ, కట్టనందువల్ల ఎవరైనా పడి చనిపోతే ఆ రక్తదోషం ఆ ఇంటి మీద ఉంటుందనీ దాని సారాంశం. ఆ దేశంలో ఇళ్ళకు చదునైన డాబాలు. జనం సాయంత్రాలు అక్కడే కూర్చునేవారు, ఎండాకాలం అక్కడే పడుకునేవారు, ధాన్యం అక్కడే ఆరబెట్టుకునేవారు.

ఈ ఆజ్ఞను కాస్త నిదానించి చూడండి. యజమాని ఉద్దేశం ఏమిటని అది అడగదు. పడబోయేవాడు చుట్టమా, కూలివాడా, పక్కింటి పిల్లవాడా అనీ అడగదు. పడిన తరువాత ఆ కుటుంబాన్ని ఆదుకోమని చెప్పదు. అది వేరే ధర్మం. కట్టేటప్పుడే, ఎవరు ఎక్కుతారో తెలియకముందే, గోడ కట్టమంటుంది. గోడ కట్టడం దానం కాదు. కట్టినందుకు ఎవరూ దండం పెట్టనక్కరలేదు. ఇల్లు నాదే గాని, ఆ ఇంట్లోకి వచ్చిపోయే మనుషులు నా సొత్తు కారు. ఇల్లు కట్టడమంటే ముఖం తెలియని మనుషుల పట్ల ఒక పని చేయడం అన్న ఎరుక ఆ నాలుగు మాటల్లో ఉంది.

“బాగానే ఉంది. పిట్టగోడ ప్రాణానికి సంబంధించింది. మెట్టెక్కలేకపోతే పోయేది ఒక చొక్కా గుడ్డే గదా” అని ఎవరైనా అనవచ్చు. పోయేది ఏమిటో చూద్దాం.

మా విచారణలో ఒక దర్జీ ఉన్నారు. చిన్ననాడు పోలియో వచ్చి రెండు కాళ్ళూ చచ్చుబడ్డాయి. చేత్తో తిప్పే మూడు చక్రాల బండి మీద తిరుగుతారు. లైనింగు గుడ్డ, దారాలు, గుండీలు కొనడానికి నెలకు రెండుసార్లు బజారుకు వెళతారు. కొట్టు ముందు బండి ఆపి కేక వేస్తే లోపలి నుంచి కుర్రవాడు వస్తాడు. మర్యాదగానే మాట్లాడతాడు, ఒక్కోసారి టీ కూడా తెచ్చి ఇస్తాడు. ఏం కావాలో విని లోపలికి పోయి మూడు తానులు తెస్తాడు. లోపల పాతిక రకాలు ఉంటే ఆయన చేతికి వచ్చేది మూడు. గుడ్డను వేళ్ళతో నలిపి, వెలుగులో పట్టి చూసి కొనవలసిన వృత్తి ఆయనది. ఇంకో రెండు చూపించమని అడగవచ్చు. మళ్ళీ అడగవచ్చు. నాలుగోసారి అడగడానికి ఎవరికైనా మొహమాటం అడ్డం వస్తుంది. పైగా వెనకనుంచి ఆటోవాడు హారను కొడుతూ ఉంటాడు.

ఇక ధర సంగతి. బేరం అంటే ఏమిటి? ‘ఇవ్వకపోతే పక్క కొట్టుకు పోతాను’ అనగలగడం. ఆ ఒక్క మాట వెనక లేకపోతే బేరమనేది బతిమాలుకోవడమే అవుతుంది. పక్క కొట్టుకూ మూడు మెట్లే, దాని పక్కదానికి నాలుగు. ఈ సంగతి ఆయనకూ తెలుసు, అమ్మేవాడికీ తెలుసు. మోసం చేయాలని ఎవరూ అనుకోకపోయినా, కాళ్ళున్నవాడికి పది తగ్గేచోట ఈయనకు రెండు తగ్గుతాయి. న్యాయమైన ధర గురించి శ్రీసభ పండితులు శతాబ్దాల తరబడి రాశారు. కొనేవాడి అవసరాన్ని ఆసరా చేసుకుని ధర పెంచడం తప్పని అక్వినాసు తోమాసు వారు చెప్పారు. రోడ్డు మీద నిలబడిపోయినవాడి అవసరం ఆ లెక్కలోకి రాదా?

మందుల షాపు దగ్గర ఇంకొకటి పోతుంది. ఏ జబ్బుకు మందు కావాలో రోడ్డు మీదనుంచి నలుగురూ వినేలా చెప్పాలి. ఆడపిల్లయితే ఆ మాట చెప్పలేక ఎవరినో పంపుతుంది. స్కానింగు సెంటరు మొదటి అంతస్తులో, దంతవైద్యుడు రెండో అంతస్తులో. బ్యాంకుల్లో టోకెను నంబరు ఒక్కటే పిలిచేచోట చెవులు వినపడనివారి వరుస దాటిపోతుంది. అంకెలు ఒక్కటే వెలిగేచోట చూపు లేనివారి వరుస దాటిపోతుంది. ఇంకా ఒక మాట. వ్యాపార భవనం కొనేవారిదే కాదు, పని చేసేవారిది కూడా. బీకాం చదివి లెక్కలు బాగా రాయగల అమ్మాయి ఆ మెట్లు ఎక్కలేకపోతే, ఆ కౌంటరు వెనక ఉద్యోగం ఆమెకు లేనట్టే. జగద్గురువు రెండవ జాన్ పాల్ 1981లో మనిషి శ్రమ గురించి రాసిన విశ్వలేఖలో వికలాంగుల పని గురించి ప్రత్యేకంగా ఒక భాగం రాశారు. పనిలో వారికి చోటు లేకుండా చేయడాన్ని బలవంతులు చూపే వివక్షగానే ఆయన లెక్కించారు. ఇంటర్వ్యూదాకా రానివ్వని మెట్టు గురించి వేరే చెప్పాలా?

ఇక్కడ మన మంచివాళ్ళు ముందుకు వస్తారు. “పిలిస్తే పలకమా? నలుగురం కలిసి ఎత్తి లోపల కూర్చోబెట్టమా?” అంటారు. నిజంగానే కూర్చోబెడతారు. మార్కు సువార్త రెండో అధ్యాయంలో పక్షవాత రోగిని మోసుకొచ్చిన నలుగురిని ప్రతి ప్రసంగంలోనూ మెచ్చుకుంటాం. గుంపు వల్ల గుమ్మంలోంచి దారి లేక వారు కప్పు విప్పి మంచాన్ని దించారు. వారి విశ్వాసాన్ని క్రీస్తు ప్రభువే చూశారు. మెచ్చుకోవలసిందే. కాని ఆ గుమ్మంలో నిలబడ్డ జనం గురించి మనం ఎంతసేపు ఆలోచించాం? వారూ భక్తులే, వాక్యం వినడానికి వచ్చినవారే. ఒక్కరికీ చెడ్డ ఉద్దేశం ఉన్నట్టు సువార్త చెప్పలేదు. వారు తప్పుకుని దారి ఇచ్చి ఉంటే కప్పు విప్పే పనే లేదు.

మోయించుకోవడం ఎలా ఉంటుందో మోసేవారికి తెలియదు. పట్టు జారితే పడేది పైనున్న మనిషి. ఎక్కడ పట్టుకోవాలో తెలియక చంకల కింద, నడుం దగ్గర పట్టుకుంటారు. మన ఊళ్ళలో ఏ ఆడమనిషి తనకు తెలియని మగవాళ్ళ చేత బజారులో ఎత్తించుకుంటుంది? ఎత్తించుకోదు. ఇంట్లోనే ఉండిపోతుంది. ‘మా కొట్టుకు అలాంటివారు ఎవరూ రారండీ’ అని యజమాని అనడంలో అబద్ధం లేదు. వారు రాలేక రారు.

నాకొక అనుమానం ఉంది. చెబితే కొందరికి కష్టంగా ఉండవచ్చు. మనకు వాలుబాట కట్టడం కంటే మోయడమే ఇష్టం. మోస్తే మంచివాళ్ళమని అందరికీ కనపడుతుంది. మోయించుకున్నవాడు చేతులు జోడిస్తాడు. వాలుబాటకు ఎవరు చేతులు జోడిస్తారు? దాని మీదుగా ఆయన ఎవరినీ అడక్కుండా లోపలికి వస్తాడు, గుడ్డ నచ్చకపోతే ముఖం తిప్పుకుని పక్క కొట్టుకు పోతాడు. మన దయతో ఆయనకు పని ఉండదు. దయ చూపే అవకాశం పోతుందేమోనన్న బెంగ మనకు తెలియకుండానే మనలో ఉంటుంది. బాకీ ఉన్నవాడు బాకీ తీర్చకుండా అప్పుడప్పుడు భోజనం పెట్టి పంపిస్తే దాన్ని మనం అన్నదానం అంటామా?

ప్రభుత్వ కాగితాలలో వీరి పేరు చాలాసార్లు మారింది. కుంటి, గుడ్డి అన్న మాటలు పోయి వికలాంగులు అయ్యారు. తరువాత విభిన్న ప్రతిభావంతులు అన్నారు. 2015 డిసెంబరులో ప్రధానమంత్రి దివ్యాంగులు అన్న మాటను సూచించారు. పేరు మర్యాదగా ఉండడం మంచిదే. మెట్టు ఎత్తు మాత్రం ఆరు అంగుళాలే ఉండిపోయింది.

చట్టం కూడా మోసే మనసునుంచి బాకీ తీర్చే మనసుకు మెల్లగా వచ్చింది. 1995లో పార్లమెంటు చేసిన చట్టం ప్రభుత్వ భవనాలకు వాలుబాటలు కట్టమంది గాని, ‘ఆర్థిక స్తోమతకు లోబడి’ అన్న మాట పక్కనే పెట్టింది. స్తోమత లేదనడం ఎవరికైనా తేలికే. ప్రైవేటు దుకాణాల జోలికి ఆ భాగం పోలేదు. 2007లో మన దేశం ఐక్యరాజ్య సమితి ఒప్పందాన్ని ధృవీకరించాక, 2016లో కొత్త చట్టం వచ్చింది. 2017 ఏప్రిల్ 19 నుంచి అమలైంది. ప్రజలు వచ్చిపోయే ప్రైవేటు భవనాలు కూడా దీని కిందికి వస్తాయి. వ్యాపార భవనాలు, ఆసుపత్రులు, బడులు, ప్రార్థనా స్థలాలు అన్నీ. ప్రమాణాలు పాటించని ప్లానుకు అనుమతి ఇవ్వరాదు. కట్టడం పూర్తయినట్టు సర్టిఫికెట్టు ఇవ్వరాదు. మొదటి ఉల్లంఘనకు పది వేల రూపాయల దాకా, తరువాతి వాటికి యాభై వేలనుంచి ఐదు లక్షల దాకా జరిమానా. అప్పటికే ఉన్న భవనాలకు నియమాలు వెలువడిన నాటినుంచి ఐదేళ్ళ గడువు ఇచ్చారు. 2022 జూన్‌తో ఆ గడువు తీరింది. తీరిన సంగతి మన బజారులో ఎవరికైనా తెలుసా అని అడిగి చూడండి.

చూపు లేని రాజీవ్ రాటూరీ 2005లో వేసిన వ్యాజ్యంలో సుప్రీంకోర్టు 2024 నవంబరు 8న ఇంకొక తీర్పు ఇచ్చింది. దాని వెనక మన హైదరాబాదులోని నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయం వికలాంగుల అధ్యయన కేంద్రం చేసిన పరిశీలన ఉంది. చట్టం తప్పనిసరి అన్నదాన్ని 2017 నియమాలు వట్టి సలహాల స్థాయికి దించాయని కోర్టు తప్పు పట్టింది. ఎవరూ తప్పించుకోలేని కనీస ప్రమాణాలను వేరుగా నిర్ణయించమని కేంద్రాన్ని ఆదేశించింది. 2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలో 2 కోట్ల 68 లక్షల మంది వికలాంగులు ఉన్నారు. అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోనే 22 లక్షలకు పైగా. మోకాళ్ళ నొప్పులతో గోడ పట్టుకుని నడిచే మన అమ్మమ్మలు, తాతయ్యలు ఆ లెక్కలో లేరు.

అమెరికాలో పిల్లల దగ్గరికి వెళ్ళొచ్చిన మన పెద్దలు అక్కడ ప్రతి షాపులోకీ చక్రాల కుర్చీ నేరుగా పోతుందని ఆశ్చర్యంగా చెబుతుంటారు. ఆ దేశం దయగలది గనుక అలా జరిగిందనుకోకూడదు. 1990 మార్చి 12న, ఆ చట్టం కాంగ్రెసులో నలుగుతూ ఉన్నప్పుడు, వాషింగ్టన్‌లో అరవై మంది దాకా వికలాంగులు తమ కుర్చీలు, చంకకర్రలు వదిలేసి కాపిటల్ భవనం మెట్లను చేతులతో, మోచేతులతో పాకి ఎక్కారు. వారిలో ఎనిమిదేళ్ళ బాలిక కూడా ఉంది. ఆ జూలై 26న చట్టం వచ్చింది. అక్కడి చట్టం మత సంస్థలకు మినహాయింపు ఇచ్చింది. ఇక్కడి చట్టం ఇవ్వలేదు. ఈ ఒక్క విషయంలో మన చట్టమే మెరుగని నా అభిప్రాయం.

ఇప్పుడు మొదటి ప్రశ్న అడిగిన కొట్టు యజమాని పక్షాన కూడా నిజాయితీగా మాట్లాడాలి. చక్రాల కుర్చీ తనంతట తాను ఎక్కాలంటే వాలుబాట అడుగు ఎత్తుకు పన్నెండు అడుగుల పొడవు ఉండాలని ప్రమాణం. ఆరేసి అంగుళాల మెట్లు మూడంటే అడుగున్నర ఎత్తు. అంటే పద్దెనిమిది అడుగుల బాట. పదడుగుల షట్టరు, ముందు సైడు కాలువ, దాన్ని ఆనుకుని రోడ్డు. ఆ పద్దెనిమిది అడుగులు ఎక్కడినుంచి వస్తాయి? పైగా ఆ ఎత్తు అంతా ఆయన తెచ్చిపెట్టుకున్నది కాదు. పాత తారు తవ్వి తీయకుండా దాని మీదే కొత్త తారు పోసి పోసి రోడ్డు లేచింది. నీళ్ళు కొట్టులోకి వచ్చాయి. ఆయన అరుగు లేపుకున్నాడు. ఇందులో మునిసిపాలిటీ వాటా ఎంత, ఆయన వాటా ఎంత? చిల్లర కొట్టు మీద ఇల్లు గడుపుకునేవాడి నెత్తిన బరువంతా పెట్టడం న్యాయం కాదు. రోడ్డు వేసేవారు పాత పొర తీసి వేయాలి. కాలిబాట ఉన్నచోట దాన్ని గుమ్మం మట్టానికి కలపాలి. చిన్న కొట్టువాడు రెండు మెట్లు తగ్గించుకోగలడేమో చూడాలి. అవసరమైనప్పుడు వేసి తీసే ఇనుప రేకు బాట, ఒక చేతిపట్టు, గుమ్మం దగ్గర ఒక గంట, ఇలా చేయగలిగింది చేయాలి. గంట మోగిస్తే బయటికి వచ్చి అమ్మడం లోపలికి రానివ్వడంతో సమానం కాదు. అయినా ఏమీ లేనిదానికంటే నయం.

కాని ఈ చిన్న కొట్టువాడి కష్టాన్ని చూపించి మూడంతస్తుల బట్టల షోరూము తప్పించుకోకూడదు. అక్కడ చోటు లేక కాదు. ఆ భవనంలో కార్లు సెల్లారులోకి దిగడానికి చక్కటి వాలు కట్టారు. మనుషులకు మెట్లు పెట్టారు. చిన్న కొట్లవాళ్ళు కూడా రాత్రి స్కూటరు లోపల పెట్టుకోవడానికి గుమ్మం పక్కన మూడడుగుల నిటారు వాలు కట్టుకుంటారు. బండికి చోటు దొరికింది చూడండి. ఆ నిటారు వాలును చూపించి ‘ర్యాంపు ఉందిగా’ అంటారు. దాని మీద కుర్చీ ఎక్కితే వెనక్కి తిరగబడుతుంది. ఇంకొక తమాషా, లిఫ్టు ఉంటుంది, లిఫ్టు దగ్గరికి చేరడానికి ఐదు మెట్లు ఉంటాయి. వికలాంగుల మరుగుదొడ్డి అని బోర్డు ఉంటుంది, తలుపు తీస్తే చీపుళ్ళు, అట్టపెట్టెలు ఉంటాయి. తాళం ఎవరి దగ్గర ఉందో వాచ్‌మన్‌కే తెలియదు. తనిఖీకి వచ్చినవారికి బోర్డు చాలు. వాడవలసినవారిని పిలిచి చూపిస్తే అరగంటలో తేలే సంగతి ఇది.

ఆస్తి గురించి మన శ్రీసభ బోధ ఏమిటో కూడా గుర్తు చేసుకోవాలి. సొంత ఆస్తిని శ్రీసభ కాదనదు. కాని దాని మీద సమాజానికి ఒక తనఖా ఉందని రెండవ జాన్ పాల్ 1987 నాటి విశ్వలేఖలో చెప్పారు. తనఖా మాట వ్యాపారులకు నేను విడమరచి చెప్పనక్కరలేదు. కాగితం మన పేరునే ఉంటుంది, అనుభవం మనదే, అయినా ఇంకొకరి హక్కు దాని మీద నడుస్తూ ఉంటుంది. బజారులో తలుపు తీసి, లైట్లు వేసి, రండి రండి అని బోర్డు పెట్టినవాడు ఊరందరినీ పిలిచినట్టే లెక్క. పిలిచాక గుమ్మం దగ్గర కొందరిని ఆపేస్తే ఆ పిలుపు ఎవరికి?

ఈ లెక్క మన ముంగిట్లోకీ వస్తుంది. చాలా పట్టణాలలో గుడి ప్రహరీకి రోడ్డువైపు షట్టర్లు కట్టి అద్దెకు ఇచ్చారు. బడి ఖర్చులు, గుడి మరమ్మతులు ఆ అద్దెలతో నడుస్తున్నాయి. తప్పులేదు. ఆ షట్టర్లకు యజమానులం మనమే. మెట్లు కట్టింది అద్దెకున్నవాడే కావచ్చు, అనుమతి ఇచ్చింది విచారణే. మా దర్జీగారు ఆదివారం గుడిలోకి పక్క తలుపు గుండా వాలుబాట మీద వస్తారు. అది యువత కట్టించింది. పూజ అయ్యాక బయటికి వచ్చి, అదే గుడి స్థలంలో ఉన్న టిఫిను హోటలు ముందు బండిలోనే కూర్చుని ఇడ్లీ తింటారు. లోపల బల్లలు ఖాళీగానే ఉంటాయి.

ఆ షట్టర్ల అద్దె కాగితాలు పదకొండు నెలలకోసారి తిరగరాస్తారు. అద్దె ఎంత పెంచాలన్నది విచారణ పెద్దలు కూర్చుని మాట్లాడతారు. గుమ్మం ఎత్తు ఎంత ఉండాలి, వాలుబాట ఖర్చులో విచారణ ఎంత భరిస్తుంది, అద్దెకున్నవాడు ఎంత భరిస్తాడు అన్నది రాసుకోవడానికి ఆ కాగితం మీద ఇంకో రెండు వరుసలకు చోటుంది. ఆ సమావేశానికి దర్జీగారిని కూడా పిలవవచ్చు. అది మేడ మీది గదిలో కాకుండా కింద జరగాలి, అంతే.